చిత్తు కెమెరా, సాపు కెమెరా

ఇప్పుడు మా వీధిలో పాలు పోసే ఆయన కూడా పొద్దున్నే ఎనుము మొహానికి ఫోన్ అడ్డం పెట్టి నాలుగు ఫోటోలు తీసుకుంటున్నాడు గానీ, ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయిన రోజుల్లో, అనంతపురంలో ఒక మనిషి మెడలో కెమెరా వేసుకుని నడిస్తే జనం కాస్త పక్కకు జరిగి దారి ఇచ్చేవాళ్లు. నేను రెండు వేసుకుని నడిచేవాణ్ణి. ఒకటి, దుకాణం మూసేసిన ఒక స్టూడియో ఆయన దగ్గర కొన్న పాత ఫిల్ము కెమెరా. ఇటుకంత బరువు. రెండోది, బెంగళూరులో ఉండే మా బావ కొత్తది కొనుక్కుని నా మొహాన పడేసిన సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా. నేను ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు అసిస్టెంటును. పిల్లలు పగలగొట్టిన పరీక్షనాళికలు లెక్కపెట్టడం నా ఉద్యోగం. లోపల మాత్రం నేను కళాకారుణ్ణి. ఈ సంగతి నాకు తప్ప అనంతపురంలో ఇంకెవరికీ తెలియదన్నదే నా బాధ.

రెండు కెమెరాలు ఎందుకని ఎవరైనా అడిగితే చాలు, పాపం వాళ్లకు అరగంట పట్టేది. నాకొక సిద్ధాంతం ఉండేది మరి. డిజిటల్ అనేది చిత్తు, ఫిల్ము అనేది సాపు. చిన్నప్పుడు పలక మీద దిద్దుకుని, తుడిచేసి, ఆ తర్వాతే కదా నోటుపుస్తకంలో రాసేది. అట్లాగే ముందు డిజిటల్‌తో ఒకటి తీసి, వెలుతురు ఎంత ఉందో, చట్రంలో ఏది ఎక్కడ పడుతోందో ఆ చిన్న తెరలో చూసుకుని, దాన్ని తుడిచేసి, అదే లెక్కన ఫిల్ము మీద అసలు ఫోటో తీయాలి. తుడిచేయడం తప్పనిసరి, ఎందుకంటే మా బావ ఇచ్చిన కార్డులో ఎనిమిది ఫోటోలకు మించి పట్టవు. అయినా పట్టకపోవడం వల్ల తుడుస్తున్నానని నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. డిజిటల్‌ది అసలు ఫోటోనే కాదనేవాణ్ణి. ఫిల్ము కూడా నలుపు తెలుపే వాడేవాణ్ణి, రంగులు పెళ్లిళ్లు తీసేవాళ్లకు వదిలేశాను. ఆదివారాలు ల్యాబు స్టోర్‌రూము కిటికీకి దుప్పటి కట్టి, కాలేజీ వాళ్ల హైపో రసాయనంతోనే (ప్రిన్సిపాలుగారు ఇది చదవరనే నమ్మకం) నా రీళ్లు నేనే కడుక్కునేవాణ్ణి. మా ఫిజిక్సు లెక్చరర్ ఒకాయన నన్నెప్పుడు చూసినా, రెండు కెమెరాలేంటికప్పా, కన్నుకొకటా అని అడిగేవాడు. ఆయనకు సౌందర్యదృష్టి లేదని జాలిపడేవాణ్ణి.

ఆ సంవత్సరం వాన మా జిల్లాకు ఎప్పటిలాగే మర్యాద చేసింది. విత్తనం వేయించేంత కురిసి, వేశాక మొహం చాటేసింది. శింగనమల దాటి లోపలికి పోతే మా మేనమామ ఊరు. అక్కడ మిట్ట మీద తొమ్మిది మంది చేలు పక్కపక్కనే ఉంటాయి, అన్నీ వేరుశెనగే. కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే వేళకు తడి లేదు. చెట్టు నిలబడినచోటే ఎండిపోయింది. ఒకరోజు మధ్యాహ్నం మా మామ చేతిసంచి పట్టుకుని ల్యాబులోకి వచ్చి, గాజు సామాన్ల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడి, వచ్చిన పని చెప్పాడు.

"సార్లు పంట చూసేకి ఎప్పుడొస్తారో తెలీదు అల్లుడా. అంతదాకా నిలబెట్టుకుంటే ఆకంతా రాలిపోయి ఎద్దులకు కట్టె కూడా మిగల్దు. పీకి మేపినామంటే, సార్లొచ్చి సేను యాడరా అంటారు. నువ్వొచ్చి ఫోటోలు తీసిపెట్టు. తీసినంక పీకేస్తాం."

విషయం అర్థమైంది కదా. కాయ పోయింది సరే, మిగిలింది ఎండు కట్టె. అది పశువుల నోటికి పోవాలా, నష్టపరిహారం రాసే సర్కారు వాళ్ల కంటికి మిగలాలా అన్నది తొమ్మిది ఇళ్ల సమస్య. నా ఫోటో ఉంటే రెండూ జరుగుతాయి. ఎవరైనా మనిషి అయితే ఆ మాట విని భయపడతాడు. నేను మురిసిపోయాను. ఇన్నాళ్లకు నా కళకు తగిన పని దొరికిందనుకున్నాను. కరువు మీద ఒక చిత్రమాలిక! మామ తలమీద చెయ్యి వేయలేదు గానీ, ఆశీర్వదించినంత పని చేశాను.

ఆదివారం మొదటి బస్సుకే దిగాను. తొమ్మిది మందీ మిట్ట మీద సిద్ధంగా ఉన్నారు. ఫోటో అన్నాను కదా, అందరూ స్నానాలు చేసి, నూనె రాసుకుని తలలు దువ్వుకుని, పెట్టెలో దాచుకున్న తెల్ల చొక్కాలు తొడుక్కుని వచ్చారు. ఎండిన పంట ముందు పెళ్లివారిలాగా వరసగా నిలబడ్డారు. నాకు ప్రాణం ఉసూరుమంది. కరువు ఫోటోలో ఇట్లా ఉండకూడదు, మొహాలు కాస్త దిగులుగా పెట్టండని అందరికీ వివరించాను. అందులో మా చిన్నమ్మను చేసుకున్న చిన్నాయన ఒకడున్నాడు. గొడుగు లేకుండా గడప దాటడు (వానకు కాదు, ఎండకు), అందుకని ఊళ్లో ఆయన్ను గొడుగాయన అనేవాళ్లు. ఆయన నా మాట శ్రద్ధగా విని, "మూడు నెలల నుంచి దిగులుగానే ఉండాము గదప్పా, నీ కోసరం మళ్లా వేరేది పడల్లా?" అన్నాడు. ఎగతాళి కాదు. నిజంగానే అడిగాడు. నేను మనుషులందరినీ చట్రంలోంచి తప్పుకోమన్నాను. నా కళకు వాళ్లు అడ్డం.

ఇక మొదలుపెట్టాను. ఒక్కో చేను దగ్గర ముందు డిజిటల్‌తో చిత్తు. తెరలో చూడటం, పెదవి విరవడం, తుడవడం. మళ్లీ చిత్తు. మళ్లీ తుడవడం. తర్వాత ఫిల్ము కెమెరా కంటికి ఎత్తి, నారింజరంగు అద్దం ముందు బిగించి (ఆరెంజ్ ఫిల్టర్ అంటారు, దాని మహిమ ముందు ముందు చూస్తారు), ఊపిరి బిగబట్టి సాపు. పొద్దున్నే వెలుతురు పక్కనుంచి పడి ఎండుటాకుల అంచులు మెరుస్తున్నాయి. గొడుగు చిన్నాయన నా వెంటే తిరుగుతూ, తను ఎండలో నిలబడి, గొడుగు మాత్రం నా కెమెరా మీద పట్టాడు. ఆయన చేను అందరికంటే చివరన, మిట్ట వాలులో ఉంది. అక్కడికి చేరేసరికి ఆకాశంలో ఏవో దూదిపింజల్లాంటి పల్చటి మబ్బులు వచ్చాయి. అవి వాన మబ్బులు కావని పసిపిల్లకు కూడా తెలుసు. నాకు మాత్రం పండగైంది. మోకాళ్ల మీద కూర్చుని, బోర్లా పడుకుని, ఆ ఒక్క చేనుకే ఆరు ఫోటోలు ఖర్చుపెట్టాను.

అంతా అయ్యాక మా అత్త మజ్జిగ చెంబుతో వచ్చింది. మామ పొలం గట్టు ఎత్తుగా ఉంటుంది, అక్కడ నిలబడితే కింద చేలన్నీ కనిపిస్తాయి. ఆమె గట్టు మీద నిలబడి, ఒక చెట్టు పెరికి చేతిలో పట్టుకుని, వేళ్లకు ఒక్క కాయ కూడా లేని ఆ చెట్టును నాకేసి చూపిస్తూ, నన్నొకటి తీయప్పా అంది. ఫిల్ము మనుషుల మీద వృథా చేసే రకం కాదు నేను. సరేలే అని, ఒక చేత్తో మజ్జిగ తాగుతూ, రెండో చేత్తో డిజిటల్ ఎత్తి, తెరలోకి కూడా చూడకుండా నొక్కేశాను. తుడిపేయొద్దప్పా అంది అత్త, పొద్దున్నుంచి నా వరస చూసింది కదా. తుడవనత్తా అని నవ్వుతూ చెప్పి, ఆమె అటు తిరగ్గానే తుడవబోయాను. అప్పుడే కెమెరాలో సెల్లులు అయిపోయాయి. అంటే మాట నిలబెట్టుకున్నది నేను కాదు, సెల్లులు.

బస్సెక్కేముందు గొడుగు చిన్నాయన నా పక్కన నిలబడి, ఫోటోలు బాగా వచ్చినాయా, నమ్మకమేనా, పీకేయొచ్చునా అని మూడుసార్లు అడిగాడు. మిగతావాళ్లు అప్పుడే పీకడం మొదలుపెట్టారు. ఆయన ఒక్కడే ఆగాడు. "పీకేయ్ చిన్నాయనా, నాది పూచీ" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత ధీమా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తర్వాతి ఆదివారం స్టోర్‌రూములో ప్రింట్లు వేశాను. ట్రేలో ఒక్కొక్క బొమ్మా పైకి తేలుతుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నా జన్మలో అంత బాగా తీసింది లేదు. ఆకు ఆకూ వెండితో చేసినట్టుంది. నారింజ అద్దం పుణ్యమా అని వెలిసిపోయిన ఆకాశం చిక్కగా నల్లబడి, ఆ దూదిమబ్బులు కొండల్లాగా లేచి నిలబడ్డాయి. నల్ల అట్టల మీద అంటించి మా ఫిజిక్సు లెక్చరర్‌కు చూపిస్తే, ఆయన చాలాసేపు చూసి, యా ఊరప్పా ఇది, కోనసీమా అన్నాడు. ఇన్నాళ్లకు ఆయనక్కూడా దృష్టి వచ్చిందని సంతోషించాను. అంతకంటే తెలివైన ఆలోచన ఏదీ నా బుర్రలోకి రాలేదని మనవి చేసుకుంటున్నాను.

ఇంకొన్నాళ్లకు సార్లు వచ్చారు. మామ కబురు పెడితే సెలవు పెట్టి, నల్ల అట్టలు చంకన పెట్టుకుని, రెండు కెమెరాలూ మెడలో వేసుకుని వెళ్లాను. బడి వరండాలో బల్ల వేసి కూర్చున్నారు. మిట్ట మీద చేలన్నీ అప్పటికే ఖాళీ, ఎర్రమన్ను తప్ప ఏమీ లేదు. పెద్దసారు కోస్తా వైపు మనిషి, మర్యాదస్తుడు. నా అట్టలు ఒక్కొక్కటీ అందుకుని, కళ్లజోడు ఎత్తి చూసి, దించి చూసి, పక్క సారుకు చూపించి, "అద్భుతంగా తీశారండీ" అన్నాడు. నేను ఉబ్బిపోయాను. ఏ అద్దం వాడానో, వెలుతురు ఎటునుంచి తీసుకున్నానో ఆయనకు చెప్పుకొచ్చాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. నా వెనకాల తొమ్మిది మంది ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నారన్న సంగతే మరిచిపోయాను. అంతా విన్నాక ఆయన చాలా నెమ్మదిగా అడిగాడు.

"ఇంత ఏపుగా ఉన్న పంటను, పైన అంత వాన మబ్బు పెట్టుకుని, ఎందుకు పీకేశారండీ?"

అప్పుడు చూశాను నా ఫోటోల్ని, మొదటిసారి. ఎండిన ఆకు, పచ్చని ఆకు నలుపు తెలుపులో ఒకటే బూడిదరంగు. ల్యాబులో లిట్మస్ కాగితం ఎర్రబడిందా నీలమైందా అని రోజూ పిల్లల చేత చూపించేవాణ్ణి, ఎండిన చేను పసుపురంగులో ఉంటుందన్న సంగతి నాకు తట్టలేదు. పైగా కరువు నెత్తిన వాన మబ్బులు కూడా పెట్టి మరీ తెచ్చాను. అది ఎండిన పంటే సార్, మబ్బు ఉత్తిది సార్, అద్దం వల్ల అట్లా వచ్చింది సార్ అని గొణిగాను. రంగుల ఫోటో ఏదైనా ఉందా అన్నాడాయన. ఉండింది సార్, ప్రతి చేనుకూ ఉండింది, నేనే తుడిచేశాను అన్నాను. ఎందుకు తుడిచారన్నాడు. చిత్తు కాబట్టి అన్నాను. ఆయన కలం మూత పెట్టేశాడు. మా మామ నాకేసి చూసిన చూపు చెప్పను. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు వరండా కింద నిలబడ్డ మా అత్త, తన చేతిలో చెట్టుతో తీసిన ఫోటో యాడ పెట్టినావప్పా, అది రంగులదే గదా అంది. కెమెరాలోనే ఉందత్తా అన్నాను. తుడిచానని చెప్పుకునే గతి పట్టనందుకు సెల్లుల కంపెనీకి మనసులోనే దండం పెట్టుకున్నాను. కెమెరా తెరవాలంటే రెండు సెల్లులు కావాలి. ఊళ్లో వెతికితే టార్చిలైటు సెల్లులు దొరికాయి గానీ అవి దీనికి పట్టవు. చివరకు బడి గోడ గడియారంలోది ఒకటి, పంతులుగారి చేతి రేడియోలోది ఒకటి ఊడబెరికి వేశాను. (బడిలో ఆ తర్వాత చాలా రోజులు పదకొండున్నరే అయిందట.) తెర వెలిగింది. అగ్గిపెట్టెంత తెరలో అత్త కనిపించింది. పెద్దసారు కళ్లు చిట్లించి చూసి, ఇందులో ఏం చూసేదండీ, రేపు పెద్ద ప్రింటు వేయించి మండలాఫీసుకు తీసుకురండి, చూస్తానన్నాడు.

మర్నాడు పొద్దున్నే టౌన్లో కలర్ ల్యాబు ముందు నేనూ మామా తలుపులు తీయకముందే నిలబడ్డాం. పెళ్లిళ్ల వాళ్లకని నేను వదిలేసిన రంగులు, ఆ పెళ్లిళ్ల ఆల్బముల మధ్యలోంచే బయటికొచ్చాయి. అత్త చేతిలో తుప్పురంగు చెట్టు, వేళ్ల దగ్గర ఖాళీ. ఆమె వెనకాల మిట్టంతా మాడిన రొట్టెలాగా ఉంది. చిత్తు కెమెరా అబద్ధం ఆడలేదు. ఒక్క లోపమే ఉంది. కింద కుడిమూలన గోధుమరంగు ముద్ద ఏదో అడ్డం పడింది. ఏందది అల్లుడా అన్నాడు మామ. మజ్జిగ తాగుతూ తీసేటప్పుడు అద్దానికి అడ్డం పడ్డ నా వేలు.

మండలాఫీసులో జరిగింది నేను చచ్చేదాకా మరిచిపోను. తొమ్మిది మంది బల్ల చుట్టూ ముసిరి, ఆ ఒక్క ఫోటోలో తమ తమ చేలు వెతకడం మొదలుపెట్టారు. మా మామది సులువు, అత్త కాళ్ల కిందే ఉంది. ఆయమ్మ చెవికమ్మ పక్కన పచ్చబొట్టంత కనపడతాండేది నాది సార్ అని ఒకడు. మోచేతి సందులో ఉండేది నాది సార్ అని ఇంకొకడు. ఒకాయన చేను సగం కొప్పు వెనక పడింది, ఆ సగం ఎండిందంటే ఈ సగం పచ్చగుంటాదా సార్ అని న్యాయం అడిగాడు. అత్త వరండాలో నిలబడి, తన మోచేతులూ చెవులూ పంచుకుంటున్న మగవాళ్లను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దసారు భూతద్దం తెప్పించుకుని ఒక్కొక్కటీ ఓపికగా చూసి రాసుకున్నాడు. మంచివాడే. ఎనిమిది చేలు దొరికాయి.

తొమ్మిదోది దొరకలేదు. గొడుగు చిన్నాయన బల్ల దగ్గరికి వచ్చి, ఫోటోను ఇటు తిప్పి అటు తిప్పి, చివరకు కుడిమూలన ఆ గోధుమరంగు ముద్ద మీద వేలు పెట్టి, "నాది దీని కింద ఉండాది సార్" అన్నాడు.

వేలి కింద ఏముందో నేనెలా రాయనండీ అన్నాడు సారు. ఎండిపోయింది సార్, నేను కళ్లారా చూశాను, వేలు నాదే సార్ అని నేను ముందుకొచ్చాను. ఆయన నేను వెంట తెచ్చిన నల్ల అట్టల్లోంచి ఒకటి తీసి నా ముందు పెట్టాడు. చిన్నాయన చేనే అది. నా ఆరు ఫోటోల్లోకెల్లా గొప్పది. వెండి ఆకులు, కొండల్లాంటి మబ్బులు, కింద మూలన నా సంతకం కూడా. దీన్ని నమ్మమంటారా, మిమ్మల్ని నమ్మమంటారా అన్నాడు. ఎనిమిది పేర్లు రాసి కాగితం మడిచాడు. వెళ్లేముందు ఆ ఫోటో నేనుంచుకోవచ్చా అని మర్యాదగా అడిగి మరీ తీసుకున్నాడు. ఆఫీసు గదిలో గోడకు పెట్టుకున్నాడని తర్వాత విన్నాను. పచ్చని పైరు అని కింద రాయించాడట కూడా.

చిన్నాయన గొడుగు తెరిచి, ఎండలోకి దిగి, ఊరికి నడిచిపోయాడు. నేను మూడు నాలుగు వారాలు ఆ ఊరివైపు పోలేదు. డిజిటల్ కార్డులో ఫోటోలు తుడవడం మాత్రం మానేశాను, ఎనిమిది నిండాక ఇక తీయడమే మానేశాను.

ఒకరోజు సాయంత్రం అనంతపురం బస్టాండులో బెంగళూరు బస్సు దగ్గర ఆయన కనిపించాడు. మా చిన్నమ్మ మూటల మీద కూర్చుని ఉంది. ఇళ్లు కట్టే చోట బేల్దారి పని దొరికిందట, అక్కడే కొన్నాళ్లుండి వస్తారట. నేను పోయి ఎదురుగా నిలబడ్డాను. వారాలుగా ఏవేవో మాటలు కూడబెట్టుకున్నాను. తప్పు నాదే చిన్నాయనా అని మాత్రం అన్నాను. ఆయన గొడుగు చంకలో సర్దుకున్నాడు.

"ఆ ఫోటో నాకొకటి ఇయ్యప్పా. సారు తీసుకున్నాడే, అదే. నా సేను అంత బాగా నేనెప్పుడూ సూసింది లేదు. ఆడ గోడకు పెట్టుకుంటా."

ఇచ్చాను. పరుగున గదికి పోయి, నా కోసం వేసుకున్న రెండో ప్రింటును నల్ల అట్టతో సహా తెచ్చి, బస్సు కదిలేలోపు కిటికీలోంచి అందించాను. ఆయన దాన్ని గొడుగు పక్కన జాగ్రత్తగా నిలబెట్టుకున్నాడు. ఏడుపొచ్చింది, నిజమే, దాచను. కానీ ఇన్నేళ్ల తర్వాత మీకు నిజం చెప్పేస్తే పోయేదేముంది? ఆయన బాగుందన్న ఆ ఒక్క మాటకు, సిగ్గూ శరమూ లేకుండా, ఆ రెండు కెమెరాల మొనగాడు అంత ఏడుపులోనూ లోపల కొంచెం పొంగిపోయాడు.